మఠము గానశాలయైన కథ

మన హొళగుంద, ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఊరి వెలుపల పాడుపడిన మంటపమో, పూజలేని గుడియో, స్వాములు లేని మఠమో లేని గ్రామము అరుదు. విగ్రహము ఏనాడో భిన్నమై పోయినది. అర్చకుని మాన్యము చేతులు మారినది. కప్పు సందున రావిమొక్క వేరూని రాతిపలకను పైకెత్తుచున్నది. ఎండవేళ మేకలు నీడకు చేరును. చీకటి పడిన పిమ్మట నిక్షేపముల యాశతో నేల త్రవ్వువారు చేరుదురు. ఇట్టి కట్టడమును గూర్చి గ్రామపెద్దల నడిగినచో రెండు విధములైన సమాధానములు వినవచ్చును. “అది దేవుని స్థలము, మనము ముట్టరాదు” అని కొందరందురు. “దేవుడే లేనప్పుడు ఆ రాళ్లు ఇంటి పునాదికి వాడుకొన్న తప్పేమి?” అని కొందరందురు. మాటలు వేరైనను ఫలమొక్కటియే. మొదటివారి చేతిలో అది తనంత తాను కూలును. రెండవవారి చేతిలో కూల్చబడును.

వీని రెంటికిని నడుమ మూడవ మార్గమొకటి కలదు. ఆ మార్గమున నడచిన యొక ప్రాచీన మఠము చరిత్రమును నేడు మీకు నివేదింపదలచితిని. ఆ మఠము మన దేశములోనిది కాదు. కాని దాని కథ వినినచో మన యూరి మంటపము జ్ఞప్తికి రాక మానదు.

జర్మనీ దేశమున ఎల్బ యను నది యొడ్డున మాగ్డెబుర్గ్ అను నగరము కలదు. అచ్చట ఏసుక్రీస్తు తల్లియగు మరియమ్మ పేర నెలకొల్పబడిన మఠమొకటి యున్నది. మఠమనగానే మనకు మంత్రాలయమో, ఈ ప్రాంతపు వీరశైవ మఠములో స్ఫురించును. క్రైస్తవులలోను పూర్వమట్లే సంసారము విడిచి, గురువునకు లోబడి, ఒక నియమమునకు కట్టుబడి జీవించిన వారుండిరి. వారి నిత్యకృత్యములలో ముఖ్యమైనది గానము. ఉషఃకాలము మొదలు రాత్రివరకు నియమిత వేళలయందు వారందరును దేవాలయమున గుమిగూడి స్తోత్రములను రాగయుక్తముగా పాడుచుండిరి. ఈ విషయము గుర్తుంచుకొనుడు. ఆ రాతిగోడలు లేచినది మొదటినుండియు పాట కొరకే.

ఈ మఠమునకు 1015వ సంవత్సర ప్రాంతమున గేరో యను ప్రధానాచార్యుడు పునాది వేసెను. ఇప్పుడు కానవచ్చు ఆలయము ఆ శతాబ్ది ఉత్తరార్ధమునను, తరువాతి శతాబ్దియందును కట్టబడినది. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని యాస్థానములో నన్నయభట్టారకుడు భారతమును తెనిగించిన కాలమునకు ఇది ఇంచుమించు సమీపము. ఆలయము పొడవైనది, నడుమ ఎత్తైన శాల, ఇరుప్రక్కల స్తంభముల వరుసలకావల తక్కువ ఎత్తుగల రెండు శాలలు. పడమటి ముఖమున రెండు గుండ్రని బురుజులు. తూర్పుభాగమున నేలక్రింద స్తంభములతో కూడిన చిన్న గది. మొదట దానికి కొయ్యకప్పు మాత్రమే యుండెను. ఓరుగల్లున కాకతి గణపతిదేవుడు రాజ్యము చేయుచుండిన దినములలో, అనగా 13వ శతాబ్ది పూర్వార్ధమున, ఆ కొయ్య క్రింద రాతి కమానుల కప్పు నిర్మింపబడినది.

1126లో నోర్బెర్టు అను యతి మాగ్డెబుర్గునకు ప్రధానాచార్యుడై వచ్చెను. అతడు అంతకు ముందే ఒక యతిసంఘమును స్థాపించిన మహనీయుడు. 1129లో ఈ మఠమును తన సంఘమునకు అప్పగించెను. 1134లో అతడు దేహము చాలింపగా ఈ యాలయముననే సమాధి చేసిరి. నాటినుండి అది ఆ యతులకు గురుస్థానమాయెను. మంత్రాలయమున రాఘవేంద్రస్వామివారి బృందావనము భక్తులకెట్టిదో, ఆ సమాధి వారికట్టిది.

పిమ్మట కాలము మారినది. 16వ శతాబ్దియందు లూథరు మతసంస్కరణము తలయెత్తెను. మాగ్డెబుర్గ్ నగరము 1524లో క్రొత్త పద్ధతిని స్వీకరించెను. ఆ మతమున సన్న్యాసమునకు తావు లేదు. కాలక్రమమున పాత యతుల సంఖ్య తగ్గిపోయెను. 1618లో ఆరంభమైన ముప్పదేండ్ల యుద్ధము నడుమ, 1626లో, నోర్బెర్టు అస్థులను సమాధినుండి వెలికి తీసి ప్రాగు నగరమునకు తరలించిరి. మంత్రాలయమునుండి బృందావనమును పెకలించుకొని పోయినచో మిగిలిన మఠమెట్లుండునో యూహించుకొనుడు. అటుపై అయిదేండ్లకు, 1631లో, శత్రుసైన్యము మాగ్డెబుర్గును పట్టుకొని కాల్చివేసెను. ఇంచుమించు ఇరువదివేల మంది మరణించిరి. మఠము మాత్రము నిలిచెను. కాని గురువు లేడు, శిష్యులు లేరు, పాట లేదు.

అట్టి మఠము మన నేలపై నుండినచో ఏమగునో మనకు తెలియును. అక్కడనేమి జరిగినది? 1698లో అందు బాలురకు బడి పెట్టిరి. అది పెరిగి పేరుగాంచిన పాఠశాలయై రెండు శతాబ్దులకు పైగా సాగెను. నలుబదేండ్లు పిల్లలకు చదువు చెప్పిన వాడను గనుక ఈ మాట చెప్పుటలో నాకు కొంత పక్షపాతమున్నదేమో. కాని బడియున్న యింటికి వానకాలమునకు ముందు కప్పు చూచువాడొకడుండును. తలుపునకు గడియ యుండును. గోడ బీటవారినచో నలుగురి కంటబడును. మఠమును మొదట కాపాడినది ఈ సామాన్యమైన సంగతియే.

ఇక ఈ నగరమున పుట్టిన యొక గాయకుని కథ చెప్పవలయును. మఠము కథ దానితో ముడిపడినది. 1681వ సంవత్సరమున మాగ్డెబుర్గున గేయోర్గ్ ఫిలిప్ టెలెమాన్ అనువాడు జన్మించెను. తండ్రి ఆ నగరమున పవిత్రాత్మ పేరగల దేవాలయములో ఉపదేశకుడు. బాలునికి నాలుగేండ్లయినను నిండకమునుపే తండ్రి గతించెను. బాలునికి సంగీతమే ప్రాణము. పండ్రెండవ యేటనే ఒక సంగీత నాటకము కూర్చెను. తల్లి దిగులుపడి, ఈ పాటల పిచ్చిలో చదువు చెడునని వాద్యములన్నియు లాగుకొని, అతనిని వేరొక యూరి బడికి పంపివైచెను. మన యిండ్లలోను భజనల వెంట, నాటకముల వెంట తిరుగు పిల్లవానికి జరుగునది ఇదియే కదా! అయినను టెలెమాన్ సంగీతము వీడలేదు. మూడువేలకు పైబడిన రచనలు చేసి, యూరపు ఖండమంతట కీర్తివహించి, 1767లో హాంబుర్గు నగరమున కాలధర్మము నొందెను.

1945 జనవరి 16వ తేదీ రాత్రి విమానములు కురిపించిన బాంబులతో మాగ్డెబుర్గు నడిబొడ్డు మంటలలో మునిగెను. ఆ యుద్ధమున మఠమునకును దెబ్బ తగిలెను. నగరమున అనేక దేవాలయములు మొండిగోడలై నిలిచినవి. తరువాత ఆ ప్రాంతము తూర్పు జర్మనీ యను ప్రత్యేక రాజ్యమైనది. ఆ ప్రభుత్వమునకు మతమునందు ఆదరము లేదు. 1956లో సంత ఉల్రిఖు ఆలయమును మందుపెట్టి పేల్చివేసిరి. 1959లో పవిత్రాత్మ దేవాలయమును నేలమట్టము చేసిరి. టెలెమాను తండ్రి ఉపదేశము చేసిన, టెలెమానునకు బాల్యమున బాప్తిస్మమిచ్చిన ఆలయము అదియే.

ఆ ప్రభుత్వమే మఠమును మాత్రము మరమ్మతు చేయించి, 1975లో అందు శిల్పకళా ప్రదర్శనశాలను తెరచెను. 1977లో మఠపు ఆలయమును గానశాలగా మార్చి దానికి టెలెమాను పేరు పెట్టెను. 1979లో డ్రెస్డెను నగరపు యెమ్లిఖు కర్మాగారమువారు కట్టిన పెద్ద ఆర్గను వాద్యమందు నెలకొన్నది. టెలెమాను బాప్తిస్మము పొందిన గుడి నేలగలిసెను; అతడు పుట్టుటకు ఆరువందల యేండ్ల ముందునాటి గుడి అతని పేర నిలిచెను. ఒకదానికి పని దొరికెను, మరియొకదానికి దొరకలేదు. ఈ రెండింటికిని గల తారతమ్యమును మన గ్రామపెద్దలు నిదానముగా తలపోయవలయును.

ఇది మాగ్డెబుర్గు ఒక్కదాని సంగతియే కాదు. అదే రాజ్యమున ఓడరు నదీతీరమందలి ఫ్రాంక్‌ఫర్టు అను పట్టణములో ఫ్రాన్సిసు సంఘపు యతులు 13వ శతాబ్దిలో కట్టిన యాలయము 1967లోనే గానశాల యాయెను. దానికి కార్ల్ ఫిలిప్ ఇమానుయేల్ బాఖు అను సంగీతకర్త పేరు పెట్టిరి. ఆయన యౌవనమున ఆ యూరి విశ్వవిద్యాలయములో చదివినవాడు.

గుడిని గానశాల చేయుట బల్లలు వేసినంత మాత్రమున తీరు పని కాదు. రాతికట్టడమున ధ్వని నడచు తీరు వేరు. ధ్వని సెకనునకు సుమారు 1,100 అడుగులు పోవును. పొలములో పిలిచిన పిలుపు పోవుటయే గాని మరలదు. రాతిగోడల నడుమ పిలిచినచో రాయి దానిని మ్రింగక త్రిప్పికొట్టును. అది ఎదుటి గోడకు, కప్పునకు, నేలకు తగిలి మరల మరల వచ్చుచు క్రమముగా సన్నగిల్లును. యూరపు ఖండపు పెద్ద రాతి యాలయములలో ఒక స్వరము ఆగిన పిమ్మట దాని మ్రోత అయిదారు సెకనులు నిలుచుట కలదు. యతులు పాడునది విలంబ గానము. ఒక స్వరముపై మరియొకటి మెల్లగా వచ్చి కూడును. మన తంబుర శ్రుతివలె ఆ మ్రోత దానికి నిండుదనమిచ్చును. కాని మాట అచ్చట చెడును. మొదటి యక్షరము ఆరకముందే నాలుగవ యక్షరము దానిపై పడి అంతయు కలగాపులగమగును. త్వరితగతి గల వాద్యమునకును ఇదే గతి. మృదంగముపై ద్రుతకాలమున వాయించిన జతులు అట్టిచోట ఒక్క హోరుగా వినవచ్చును. మంచి సంగీతశాలకు రెండు సెకనుల మ్రోత చాలునని, ఉపన్యాసశాలకు ఒక సెకనుకు లోపల నుండుట మేలని శాస్త్రజ్ఞులందురు.

ఈ శాస్త్రమునకు బాటవేసినవాడు అమెరికా దేశస్థుడగు వాలెసు సేబైను. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయము వారు క్రొత్తగా కట్టిన యుపన్యాసశాలలో మాట స్ఫుటముగా వినబడకపోగా, కారణము కనుగొనుమని యువకుడైన సేబైనును నియోగించిరి. అతడు పగటి సందడి అణగిన రాత్రివేళలలో, సమీపమందలి నాటకశాలనుండి ఆసనముల మీది దిండ్లను తెచ్చి ఆ శాలలో పరచి, ఒక ఆర్గను గొట్టమును మ్రోగించి, మ్రోత ఎన్ని సెకనులు నిలుచుచున్నదో లెక్కించెను. ఖాళీశాలలో అయిదున్నర సెకనులు నిలిచిన మ్రోత దిండ్లు పెరిగినకొలది తగ్గుచువచ్చెను. శాల ఎంత పెద్దదో మ్రోత అంత దీర్ఘము. ధ్వనిని మ్రింగు మెత్తని వస్తువులెంత యధికమో మ్రోత అంత హ్రస్వము. అతడు కనుగొన్న సూత్రమింతే. 1900లో బోస్టను నగరపు సంగీతశాలను దాని ననుసరించియే నిర్మించిరి.

ధ్వనిని మ్రింగు వస్తువులలో ముఖ్యమైనది ఏది? వస్త్రములు ధరించి కూర్చున్న మనుష్యుడే. ఖాళీగానున్న మంటపములో గురగురమను పాట, నలువది మంది జంపఖానాలపై కూర్చున్నంతనే తేటపడును. వినువారు నిండినకొలది పాట తేటయగుటలో ఒక నీతియు కలదు.

ఇక అసలైన యాక్షేపణకు వత్తము. “పూజ జరిగిన చోట కచేరీయా? అపచారము కాదా?” అని భక్తులైన పెద్దలు ప్రశ్నింతురు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. మన యాగమములలో జీర్ణోద్ధారణమునకు ముందు కళాకర్షణము చేసి, బింబమునందలి దైవకళను కలశమునకు చేర్చి, బాలాలయమున పూజ సాగించు విధి కలదు. అనగా సాన్నిధ్యమునకును రాళ్లకును గల భేదమును మన పెద్దలెరుగుదురు. రోమను క్రైస్తవుల ధర్మశాస్త్రములోను ఇట్టి విధి యున్నది. 1983లో ప్రకటింపబడిన వారి శాసనసంహిత 1222వ సూత్రమున, ఆరాధనకు పనికిరాని యాలయమును బాగుచేయుటకు దారిలేనప్పుడు దానిని లౌకికమైన పనికి వదలవచ్చునని, ఐతే ఆ పని హేయమైనది కారాదని చెప్పబడినది. లౌకికము కావచ్చును, హేయము కారాదు: ఈ గీటు మనకును చాలును.

మనకు దూరముకాని హంపీకి పోయి చూడుడు. 1565లో రక్కసి తంగడి యుద్ధము పిమ్మట ఆ నగరము పాడయ్యెను. విరూపాక్షస్వామి కోవెలలో నేటికిని పూజలు జరుగుచున్నవి. ఆ కోవెల జనముతో కళకళలాడుచున్నది. విఠ్ఠలస్వామి యాలయమున గర్భగృహము శూన్యము. 1516లో శ్రీకృష్ణదేవరాయలు అందు నూరుకాళ్ల మంటపము కట్టించిన మహాలయమది! రంగమంటపమున మీటిన మ్రోగు సన్నని స్తంభములున్నవి. వచ్చినవారెల్లరు తట్టి తట్టి చూచుటచే అవి చెడునని ఇప్పుడు వానిని ముట్టుట నిషేధించిరి. దానికి చేరువనే తుంగభద్ర యొడ్డున పురందరదాసులవారి మంటపము కలదు. పుష్య బహుళ అమావాస్యనాటి ఆరాధన సందర్భమున అచ్చట దాసులవారి కీర్తనలు పాడుచుందురు. అక్కడ కట్టడమునకు హానిలేదు, పాటకు కొరతలేదు. రాతికి తగిన పాట యది, పాటకు తగిన రాయి యది.

కావున మన గ్రామములలో పూజకు మరల నోచుకొను గుడియున్నచో పూజయే మొదటి కర్తవ్యము. దానికి సాటి మరొకటి లేదు. ఆ యాశ లేనిచోట భజనకు, పురాణశ్రవణమునకు, హరికథకు, పిల్లల సంగీతపాఠమునకు ఆ మంటపమును వినియోగించుట మేలు. దీనికి కొన్ని కట్టుబాట్లుండవలయును. ముందుగా ఆ కట్టడము ఎవరి యధీనమున నున్నదో విచారింపవలయును. పురావస్తు శాఖవారి రక్షణలోనిదైనచో 1958వ సంవత్సరపు చట్టము ప్రకారము అనుమతి లేనిదే రాయి కదల్పరాదు; 2010 నాటి సవరణ ననుసరించి కేంద్ర రక్షణగల కట్టడము చుట్టును నూరు మీటర్లలో క్రొత్త నిర్మాణము కూడదు. దేవాదాయ శాఖవారిదైనచో వారి యాజ్ఞ పొందవలయును. రెండవది, కప్పును ముందుగా చూడవలయును. మొలచిన చెట్టును పెరికి లాగక, తెలిసినవారిచే మెల్లగా తొలగింపవలయును. మూడవది, మనము చేర్చునదెల్ల రేపు తీసివేయుటకు వీలైనదిగా నుండవలయును. జంపఖానా పరచుడు, దీపము వ్రేలాడదీయుడు. శాసనముపై సున్నము పూయకుడు, స్తంభమునకు మేకు కొట్టకుడు, పాతరాతిపై రంగు వేయకుడు. నాలుగవది, రాతిమంటపములో ధ్వనివర్ధకము పెట్టకుడు. అది మ్రోతకు మ్రోత చేర్చి పాటను చంపును. మంటపము నడుమ నిలిచి ఒక్క చప్పట కొట్టి చూడుడు. ఎంతసేపు మ్రోగునో అదియే మీకు చెప్పును, అచ్చట పాట నిలుచునో మాట నిలుచునో.

మాగ్డెబుర్గు మఠము యతులది కాలేదు. నోర్బెర్టు సమాధి మరలి రాలేదు. పోయినది పోయినదే. గానశాల యైనంతమాత్రమున గుడి తిరిగి గుడి యగునని నేను చెప్పను. కాని తొమ్మిదివందల యేండ్ల క్రిందట ఏ గోడలు పాటకై లేచినవో ఆ గోడలయందు మరల పాట వినవచ్చినది. కప్పు నిలిచినది. రేపు వచ్చువారికి ఆ యింటిని చూచి తమ పూర్వులెట్టివారో తెలిసికొను వీలు మిగిలినది. కూలిన గుడియందు ఈ వీలు కూడ మిగులదు.

ఈ యేటి వానలు రాకమునుపే మీ యూరి మంటపము కప్పునకొకసారి ఎక్కి చూడుడు. రావిమొక్క చేతెడు ఎత్తున నున్నప్పుడు తీయుట ఒక పూట పని. మ్రానైన పిమ్మట తీసిన చెట్టుతో మంటపమును పోవును.